కారులో గుమ్మంటూ, ఫోన్‌లో మాయమయ్యే బేస్: ఇంట్లో బేస్ గిటార్ రికార్డ్ చేసేవాళ్ల కోసం

తమ్ముడూ, ముందు నువ్వు అడిగినదాన్ని నా మాటల్లో ఒకసారి చెప్తాను. ఇదే ఇబ్బంది ఉన్న వేరేవాళ్లకూ పనికొస్తుంది. నీ దగ్గర జాజ్ బేస్ తరహా నాలుగు తీగల పాసివ్ (లోపల బ్యాటరీ లేని) బేస్ గిటార్, రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్ శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి పంపే పెట్టె), లాప్‌టాప్, ఐదంగుళాల స్పీకర్ల జత ఉన్నాయి. గుంటూరులో మీ ఇంట్లో పదడుగుల గదిలో, ఎ మైనర్‌లో ఉన్న ఒక చర్చి పాటకు బేస్ వాయించావు. కుర్చీలో కూర్చుని వింటే బేస్ పల్చగా అనిపించింది. ఈక్యూలో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉండాలో పెంచి తగ్గించే సాధనం) 60 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ పెంచావు, బాగుందనిపించింది. అదే పాట మీ మామయ్య గారి కారులో పెడితే కొన్ని నోట్లు మాత్రం అద్దాలు అదిరేలా గుమ్మన్నాయి. ఫోన్‌లో పెడితే బేస్ గిటార్ అసలు ఉందా అనిపించింది. ఆంప్, మైకు కొనాలా, లేక మంచి ప్రీఆంప్ (గిటార్ సిగ్నల్‌ను పెంచే పరికరం) కొనాలా అని అడిగావు.

ఇప్పుడే ఏదీ కొనొద్దు. నేను పదిహేనేళ్లుగా విజయవాడలో ఇంటి దగ్గరే బేస్ రికార్డ్ చేసి పంపుతున్నాను. ఎక్కువగా చర్చి పాటలు, కొన్ని ప్రైవేట్ ఆల్బమ్‌లు. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ ఒకే చోటికి దారి తీస్తున్నాయి. నీ సామాను బాగానే ఉంది. నీ గది నీకు తప్పు చెప్పింది, నువ్వు దాన్ని నమ్మి ఈక్యూ తిప్పావు.

లెక్క చూడు. పదడుగులంటే సుమారు 3.05 మీటర్లు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, మన ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ. ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తగిలి నిలబడిపోయే మొదటి ఫ్రీక్వెన్సీ కావాలంటే ఆ వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగించాలి. 56, 57 హెర్ట్జ్ వస్తుంది. ఇప్పుడు నీ గిటార్ చూడు. ‘ఇ’ తీగ ఖాళీగా మీటితే 41 హెర్ట్జ్, ‘ఎ’ తీగ 55, ‘డి’ తీగ 73, ‘జి’ తీగ 98. అంటే నీ పాట రూట్ నోటు (పాట నిలబడే మూల స్వరం), ఖాళీ ‘ఎ’ తీగ, సరిగ్గా గది పట్టుకునే చోటే ఉంది. పైగా మన ఫ్లాట్లలో గది పొడవు పది, వెడల్పు పది, పైకప్పు ఎత్తు కూడా దాదాపు పది. మూడు వైపులా అదే ఫ్రీక్వెన్సీ పోగుపడుతుంది. దీనికి రెట్టింపు 112 హెర్ట్జ్ కూడా గదికి ఇష్టమే. అది పై ఆక్టేవ్ ‘ఎ’ (110) పక్కనే ఉంది.

ఇందులో ఇంకో చిక్కుంది. అలా నిలబడిపోయిన శబ్దం గోడల దగ్గర చాలా బలంగా ఉంటుంది. గది నట్టనడుమ మాత్రం దాదాపు ఉండదు. నువ్వు పంపిన ఫొటోలో నీ కుర్చీ ఎక్కడుంది? సరిగ్గా మధ్యలో. అందుకే నీకు రూట్ నోటు పల్చగా వినిపించింది, నువ్వు 60 దగ్గర పెంచావు. అసలు టేక్‌లో (నువ్వు వాయించి రికార్డ్ చేసినదాంట్లో) ఆ నోటు సరిపడా ఉంది. నువ్వు పెంచిన ఆరు డెసిబెల్స్ కారులో బయటపడ్డాయి, కారు లోపల లో ఎండ్ (కింది ఫ్రీక్వెన్సీల శబ్దం) ఎలాగూ పెరుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువగా. కొన్ని నోట్లే గుమ్మనడానికి కారణం ఇదే.

నమ్మకం కలగాలంటే ఇలా చేసి చూడు. ఇంటర్నెట్‌లో దొరికే టోన్ జనరేటర్‌తో 56 హెర్ట్జ్ సైన్ వేవ్ చిన్న వాల్యూమ్‌లో పెట్టు. కుర్చీలో నుంచి లేచి నెమ్మదిగా గోడ వైపు నడువు. నాలుగడుగులు వేసేలోపు శబ్దం ఎంత పెరుగుతుందో వింటే ఆశ్చర్యపోతావు. నేను మొదటిసారి ఇలా నడిచిన రోజు, అంతకుముందు చేసిన మిక్స్‌లన్నీ మళ్లీ తెరిచి చూసుకున్నాను.

మరి ఏం చేయాలి? కుర్చీని మధ్యలోంచి కదిలించు. స్పీకర్లు ఉన్న గోడ నుంచి నీ తల గది పొడవులో 38 శాతం దూరంలో, అంటే నీ గదిలో సుమారు నాలుగడుగుల లోపు ఉండేలా కూర్చో. చాలామంది ఇక్కడినుంచే మొదలుపెడతారు. తర్వాత అటూ ఇటూ అరడుగు జరిపి నీకు నోట్లన్నీ సమానంగా వినిపించే చోటు వెతుక్కో. గోడలకు అంగుళం మందం ఫోమ్ అంటించడానికి డబ్బు ఖర్చు పెట్టొద్దు. అది పై ఫ్రీక్వెన్సీలకే పనికొస్తుంది. 56 హెర్ట్జ్ తరంగం పొడవు ఆరు మీటర్లు, అంగుళం ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. ఇంట్లో వాడని దూది పరుపులుంటే చుట్టి, మూలల్లో నేల నుంచి పైకప్పు దాకా నిలబెట్టు. పూర్తిగా పోదు గానీ గుమ్మనడం కొంత తగ్గుతుంది. బేస్‌కు సంబంధించిన నిర్ణయాలు మాత్రం హెడ్‌ఫోన్స్‌లో తీసుకో, ఎందుకంటే వాటికి గది ఉండదు. నీకు బాగా తెలిసిన, బేస్ బాగుందని నువ్వు నమ్మే రెండు పాటలు ప్రాజెక్ట్‌లోనే ఒక ట్రాక్‌లో పెట్టుకుని, వాల్యూమ్ సమానం చేసి, మాటిమాటికీ మార్చి విను.

గది సంగతి ఇంతసేపు చెప్పడానికి కారణం, నువ్వు ఆంప్ కొని ఆ గదిలోనే మైకు పెడితే ఇదే గందరగోళం ఈసారి టేక్‌లోకే ఎక్కేస్తుంది. అప్పుడు తీయడం కుదరదు. నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి వాయిస్తే గది రికార్డింగ్‌లోకి రాదు. ఇంట్లో రికార్డ్ చేసేవాడికి ఇది పెద్ద వరం. దీన్ని తక్కువ రకం పద్ధతి అనుకోవద్దు. 1960ల్లో అమెరికాలో డెట్రాయిట్ నగరంలో మోటౌన్ సంస్థ ఒక మామూలు ఇంట్లో స్టూడియో పెట్టి నడిపింది. అక్కడి బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ తన గిటార్‌ను ఆంప్ లేకుండా నేరుగా కన్సోల్‌లోకే (స్టూడియో మిక్సర్‌లోకే) ఇచ్చేవాడు. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్, మందపాటి ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) తీగలు, బ్రిడ్జ్ దగ్గర ఒక ఫోమ్ ముక్క, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఆ శబ్దాన్ని ఇవాళ్టికీ అందరూ వెతుక్కుంటూనే ఉన్నారు.

ఇక తీగలు. మన కోస్తా ఉక్కకూ చెమటకూ తీగలు తొందరగా చస్తాయి. వాయించడం అయ్యాక పొడి గుడ్డతో ప్రతి తీగనూ కిందినుంచి కూడా తుడువు. బేస్ తీగలు ఖరీదు కాబట్టి చాలామంది ఏళ్ల తరబడి మార్చరు. పాప్ పాటలో మెరుపు కావాలంటే కొత్త రౌండ్‌వౌండ్ (పైన గరుకుగా ఉండే) తీగలు వేయాల్సిందే. కొత్త సెట్ అయితే వేసిన రోజు వద్దు. రెండు రోజులు వాయించాక రికార్డ్ చెయ్యి, అప్పటికి సాగడం ఆగి శ్రుతి నిలబడుతుంది. డబ్బు లేకపోతే పాత తీగలు విప్పి పది నిమిషాలు నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరబెట్టి మళ్లీ వెయ్యి. లోపల పేరుకున్న మురికి వదిలి కొన్ని రోజులు కొత్తవాటిలా మోగుతాయి. నేను ఇది చాలాసార్లు చేశాను. నెమ్మదిగా సాగే ఆరాధన పాటలకు మాత్రం పాత తీగలే హాయిగా ఉంటాయి. బ్రిడ్జ్ దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చి చూడు. నోటు మొదట్లో గుండ్రంగా వచ్చి తొందరగా ఆగిపోతుంది. పాటలో అది ఎంత చక్కగా కూర్చుంటుందో.

ప్రతి టేక్‌కు ముందు ట్యూనర్ చూడు. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన నోటు, అక్కడి హార్మోనిక్ ఒకే శ్రుతిలో లేకపోతే ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిపోవడం) సరి చేయించు. ఇది సరిగా లేకుండా ప్లగిన్‌లు (సాఫ్ట్‌వేర్ ఎఫెక్ట్‌లు) ఎన్ని వేసినా బేస్ కీబోర్డ్‌తో కలవదు.

అన్నిటికన్నా ముఖ్యమైంది చెయ్యి. చాలా ఏళ్ల క్రితం నన్ను మొదటిసారి ఒక స్టూడియోకు పిలిచారు. అక్కడి రికార్డిస్ట్ నా ట్రాక్‌ను ఒక్కదాన్నే పెట్టి వినిపించాడు. పాటలో బాగానే ఉందనుకున్నదంతా విడిగా వింటే వేరేగా ఉంది. ఒక నోటు పెద్దగా, ఒకటి చిన్నగా. నేను మీటని ‘ఇ’ తీగ కింద తనంతట తాను మూలుగుతోంది. ఫ్రెట్ల మీద తీగ కొట్టుకుని కటకటమంటోంది. ఆయన ఏమీ అనలేదు, మళ్లీ వాయించమన్నాడు. ఆ రోజు నేర్చుకున్నవే నీకు చెప్తున్నాను.

మెల్లగా మీటు. స్టేజి మీద ఆంప్ వినిపించక గట్టిగా మీటే అలవాటు మనందరికీ ఉంటుంది. గట్టిగా మీటినప్పుడు తీగ ముందు ఫ్రెట్లకు కొట్టుకుంటుంది, నోటు మొదట్లో శ్రుతి కొంచెం పైకి పోతుంది, ఆ తర్వాత అసలు శబ్దం మిగలదు. సగం బలంతో మీటి గెయిన్ (ఇంటర్‌ఫేస్‌లో సిగ్నల్ స్థాయి) పెంచుకుంటే నోటు నిండుగా, పొడవుగా వస్తుంది. కుడిచేతిని పాట మొత్తం ఒకే చోట ఉంచు. మెడకు దగ్గరగా మీటితే గుండ్రంగా, బ్రిడ్జ్‌కు దగ్గరగా మీటితే గట్టిగా, మాట స్పష్టంగా పలికినట్టు వస్తుంది. ఈక్యూతో చేయాలనుకునేదాంట్లో సగం చెయ్యి రెండంగుళాలు జరిపితే వచ్చేస్తుంది. పల్లవి ఒక చోట, చరణం ఇంకో చోట మీటాలనుకుంటే అది నువ్వు ముందే ఆలోచించుకుని చేసే పని కావాలి, అలసట వల్ల చెయ్యి జారడం కాకూడదు.

నోటు ఎక్కడ మొదలైందో అందరూ చూసుకుంటారు. ఎక్కడ ఆగిందో ఎవరూ చూసుకోరు. మీ చర్చిలో డోలక్ వాయించేవాళ్లను దగ్గరగా గమనించు. ఎడమచేతి దెబ్బ వేయడానికి ఎంత శ్రద్ధ పెడతారో, అరచేత్తో ఆ మోతను ఆపడానికీ అంతే శ్రద్ధ పెడతారు. బేస్ కూడా అంతే. స్నేర్ డ్రమ్ దెబ్బ పడేలోపు నీ నోటు ఆగితే స్నేర్ పెద్దగా వినిపిస్తుంది, పాట నడక వస్తుంది. నోటు దాని మీదుగా సాగితే అంతా ముద్దగా అవుతుంది. ఎడమచేతి వేళ్లు తీగను వదలకుండా నొక్కు మాత్రం తీస్తే నోటు శుభ్రంగా ఆగుతుంది. వాడని తీగల మీద కుడి బొటనవేలు ఆనించి ఉంచు. పాటను చిన్న చిన్న ముక్కలుగా వాయించి అతికించడం నాకు నచ్చదు. కనీసం ఒక పల్లవి మొత్తం ఒకే ఊపులో వాయించు, తప్పు పోయిన చోట ఒక బార్ (ఒక తాళం చుట్టు) ముందు నుంచి పంచ్ ఇన్ చెయ్యి, అంటే ఆ ముక్క మాత్రమే మళ్లీ రికార్డ్ చెయ్యి.

ఇంటర్‌ఫేస్‌లో ‘ఇన్‌స్ట్రుమెంట్’ లేదా ‘హై జెడ్’ అనే బటన్ నొక్కావా? నీ గిటార్ పాసివ్ కాబట్టి ఇది తప్పనిసరి. ఆ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు అది చూపే నిరోధం) సుమారు ఒక మెగాఓమ్ ఉంటుంది. లైన్ ఇన్‌పుట్ అయితే పదివేల ఓమ్‌ల ప్రాంతంలోనే. అంత తక్కువకు కలిపితే పికప్ మీద భారం పడి పై ఫ్రీక్వెన్సీలు చచ్చిపోతాయి, దుప్పటి కప్పి వాయించినట్టు ఉంటుంది. గెయిన్ పాటలో నువ్వు గట్టిగా వాయించే చోట చూసి పెట్టు. పీక్‌లు మైనస్ 12 నుంచి మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నావు కాబట్టి ఎర్ర లైటు దాకా తోయాల్సిన అవసరం లేదు. రికార్డింగ్ సమయంలో సాఫ్ట్‌వేర్‌లో బఫర్ 128 శాంపిల్స్‌కు తగ్గించు, లేదా ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటర్‌లో విను. ఆలస్యంగా వినిపిస్తే తెలియకుండానే తాళం వెనక్కి లాగుతావు.

గుయ్‌మనే హమ్ గురించి కూడా రాశావు. జాజ్ బేస్ పికప్‌లు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్నవి). ఒక పికప్ మాత్రమే తెరిస్తే హమ్ వస్తుంది, రెండు వాల్యూమ్ నాబ్‌లూ పూర్తిగా తెరిస్తే ఒకదాని హమ్‌ను ఇంకొకటి కొట్టేస్తుంది. ముందు అది చూడు. అప్పటికీ పోకపోతే లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద వాయించు. నేను ఒకసారి రెండు రోజుల పాటు కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను, చివరికి చూస్తే చార్జర్. ఫ్యాన్‌కు ఉన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కూడా ఇలాంటి గోల చేస్తుంది. టేక్ తీసేంతసేపు ఫ్యాన్ ఆపేయడం మంచిది, ఎండాకాలంలో కష్టమే అయినా. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రం రికార్డ్ చేయొద్దు. కుర్చీలో కూర్చుని గిటార్‌ను నెమ్మదిగా నాలుగు వైపులా తిప్పి చూడు, ఏదో ఒక వైపు హమ్ బాగా తగ్గుతుంది. ఆ వైపే కూర్చుని వాయించు. ఇవన్నీ చేసినా పోకపోతే ఇంటి ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌కు చూపించు. హమ్ తగ్గుతుందని ఎవరైనా ప్లగ్‌లో మూడో పిన్ తీసేయమంటే వినొద్దు. తీగలు పట్టుకుని కూర్చునేది నువ్వు, అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక ఫోన్‌లో బేస్ ఎందుకు మాయమైందో. ఫోన్ స్పీకర్ చాలా చిన్నది, 200 హెర్ట్జ్ కిందివి దాదాపు బయటికి రావు. 55 హెర్ట్జ్ ‘ఎ’ నోటు అందులో ఎప్పటికీ వినపడదు. కానీ ఆ నోటుతో పాటు 110, 165, 220, 275 ఇలా హార్మోనిక్స్ ఉంటాయి. పైవి వినిపిస్తే చాలు, కిందిది లేకపోయినా మన మెదడు ఆ నోటును పట్టుకుంటుంది. నువ్వు 60 దగ్గర పెంచినకొద్దీ ఫోన్‌లో ఏ మార్పూ రాకపోవడానికి కారణం ఇదే. పైన ఉన్న హార్మోనిక్స్‌ను పెంచాలి.

దానికి నేను చేసేది చెప్తాను. శుభ్రమైన అసలు ట్రాక్‌ను అలాగే ఉంచి, దాని కాపీ ఇంకో ట్రాక్‌లో పెడతాను. కాపీలో 250 హెర్ట్జ్ కింద అంతా కోసేసి, ఆంప్ సిమ్యులేటర్‌తో బాగా డిస్టార్షన్ ఇస్తాను. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ప్లగిన్ ఉచితంగా దొరుకుతుంది, దాంతోనే సరిపోతుంది. విడిగా వింటే గరగరమంటూ బాగోదు, కంగారు పడొద్దు. దాన్ని సున్నా నుంచి నెమ్మదిగా పెంచుతూ ఫోన్‌లో బేస్ వరుస అర్థమయ్యే చోట ఆపు. పాటలో డిస్టార్షన్ ఉన్నట్టే తెలియదు, తీసేస్తే మాత్రం వెలితి తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: కాపీ ట్రాక్‌లో ఫేజ్ బటన్ (తరంగాన్ని తిరగేసేది) నొక్కి చూడు. నొక్కితే బేస్ ఇంకా నిండుగా అయితే అలాగే ఉంచు, పల్చబడితే తీసేయ్.

నువ్వు పెంచిన ఆ 60 హెర్ట్జ్ పూర్తిగా తీసేయ్. 30 హెర్ట్జ్ కిందివి కోసేసే హై పాస్ ఫిల్టర్ పెట్టు. ముద్దగా ఉంటే 200, 300 మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించు. మాట స్పష్టంగా రావాలంటే 700, 1000 మధ్య కొంచెం పెంచు. కంప్రెసర్ (పెద్ద నోట్లను తగ్గించి సమం చేసేది) 4:1, అటాక్ (అది పని మొదలుపెట్టే సమయం) 30 మిల్లీసెకన్ల దగ్గర పెడితే వేలి దెబ్బ బతుకుతుంది. రిలీజ్‌ను (అది వదిలేసే సమయం) తర్వాతి నోటు వచ్చేలోపు మీటర్ ముల్లు వెనక్కి వచ్చేలా చూసుకో. నాలుగైదు డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. అంతకన్నా ఎక్కువ అవసరమైందంటే మళ్లీ వాయించడమే మంచిది. కిక్ డ్రమ్, తబలా బాయా (ఎడమచేతి తబలా) రెండూ ఉన్న పాట కాబట్టి ఎవరు కింద ఉండాలో నువ్వే తేల్చాలి. నా ఇష్టమైతే కిక్‌ను 60 దగ్గర ఉంచి, బేస్‌కు 90 నుంచి 110 వరకు చోటిచ్చి, బాయా సాగే చోట్ల బేస్ నోట్లనే తగ్గించి వాయిస్తాను.

ఆంప్, మైకు సంగతి నీ పేరు మీద పెద్ద గది వచ్చినప్పుడు చూద్దాం. అప్పుడు కూడా నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి వాయించిన ట్రాక్ ఎప్పుడూ పక్కన ఉండాలి. మైకు స్పీకర్‌కు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాని శబ్దం దాదాపు 0.9 మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది, రెండింటినీ జరిపి కలపకపోతే లో ఎండ్ పోతుంది.

ఈ వారం కుర్చీ జరిపి, ఈక్యూ అంతా తీసేసి, రెండు నాబ్‌లూ తెరిచి, సగం బలంతో మీటుతూ పల్లవి ఒక్కటి మళ్లీ వాయించు. ప్లగిన్‌లేవీ లేని వేవ్ ఫైల్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, క్లిక్ (మెట్రోనోమ్) వేగం ఎంతో రాసి పంపు. ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని వింటాను.